డెబ్బై గింజల మందు

రూడిసిల్ ముసలాయన కుడికంట్లో పొర కమ్మింది,
ఎడమ కంటితో ఎప్పుడూ పని లేదాయనకి.
అందుకని ఈ ఏడు తుపాకి నా చేతికొచ్చింది.
చెకుముకి రాయిది, యాభై కాలిబర్.
నేల మీద నిలబెడితే
గొట్టం నా గడ్డాన్ని తాకుతుంది.

క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు
ఈ పెన్సిల్వేనియా కొండల్లో పాతకాలపు తుపాకులకి వేట తెరుస్తారు.
ఇంకా పదకొండు రోజులుంది.
బడి బస్సు షెడ్డులో పెట్టేసి
రోజూ ఆయన పెరట్లోకి వస్తాను,
గడ్డిమోపుకి కాగితం గుచ్చుతాను.

"మందు ఎంత పొయ్యను?"
"నన్నడుగుతావేం, దాన్నడుగు."

తొంభై గింజలు పోసి అడిగాను మొదట.
ఎక్కువ పోస్తే ఎక్కువ పలుకుతుందనుకునే వయసు కాదు నాది,
అయినా.
భుజం మీద గాడిద తన్నింది.
యాభై గజాల అవతల కాగితం మీద నాలుగు చిల్లులు,
ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లా
ఎడమొహం పెడమొహం.

"కాగితం తర్వాత చూద్దువు గాని, గుడ్డ ఏరుకురా."
మంచులో పడి ఉంది
గుండుకి చుట్టి దట్టించిన గుడ్డపీలిక,
అంచులు మాడి, నడుమ తూటు.
ఆయన దాన్ని బొటనవేలితో చదివాడు.
"కాలింది. గుండుని దారిలో వదిలేసింది.
మందు అన్నాక మోతాదుంటుంది పిల్లా."

ఆదివారం మనవడు లీలండ్ వచ్చాడు,
కొనతేలిన కొత్త తూటాల డబ్బాతో.
మన గుండుకి రెట్టింపు బరువు,
ఎముకనైనా చీల్చుకుపోతాయట.
పేల్చాడు.
కాగితంలో తాళంకప్ప కన్నం పడింది:
తూటా పక్కకి ఒరిగి, అడ్డంగా దూరింది.
ఈ గొట్టం లోపలి మెలిక నిదానస్తురాలు,
అరవయ్యారు అంగుళాలకి ఒక్క చుట్టు తిరుగుతుంది.
గుండ్రటిదానికి అది చాలు,
పొడుగుదానికి చాలదు.
లీలండ్ డబ్బా మూసి రసీదు వెతుక్కున్నాడు.

మేం మళ్ళీ పొయ్యి దగ్గర చేరాం.
కూలిన చర్చి కప్పు మీంచి తెచ్చిన సీసం,
కరిగితే ముసలి ముఖం పోయి అద్దమవుతుంది.
అచ్చులోంచి రాలిన ప్రతి గుండునీ తూచాను.
ముడత పడ్డవి తిరిగి మూకుట్లోకి.

ఎనభై. చప్పుడు రేకు చించినట్టు.
డెబ్బయ్యైదు. కొంచెం నయం.
డెబ్బై పోసి పేల్చాను,
బరువైన తలుపు ఎవరో నెమ్మదిగా వేసినట్టు వినిపించింది.
"అదీ" అన్నాడు వసారాలోంచి, కాగితం చూడకుండానే.
మూడు చిల్లులూ ఒక్క క్వార్టర్ బిళ్ళ కింద దాక్కున్నాయి.

"మీ నోటు పుస్తకంలో డెబ్బై అని ముందే ఉందిగా!"
"అది ఆ గుడ్డకి. ఈ గుడ్డ వేరు."
నీలి చారల మందపాటి నేత.
ఎక్కడిదని అడగలేదు నేను.
ఆల్మీడా పోయిన గదిలో మంచం మీద
ఒక్క దిండే ఉంది, గలీబు లేకుండా.

వేట రోజు.
హెమ్లాక్ చెట్ల కింద నలభై అడుగుల్లో
తెల్లతోక జింక, ముక్కు మంచులో.
గుర్రం వెనక్కి లాగాను.
రాయి ఉక్కుని కొట్టింది.
రంజకం భగ్గుమంది,
లోపలి మందు పలకలేదు.
జింక తలెత్తి నా పొగని చూసింది,
నన్ను చూసింది,
తొందరేమీ లేకుండా వెళ్ళిపోయింది.

రాత్రి గజం కొసకి మర బిగించి
పేలని గుండుని బయటికి లాగాను.
చుట్టూ గొట్టం గాట్లు,
గాట్ల మీద గుడ్డ నేత, పోగు పోగునా.
సీసానికి నిద్రలో దిండు ముద్ర పడ్డట్టు.

ఆయన అరచేతిలో పెట్టాను.
బొటనవేలు ఒక చుట్టు తిరిగి, ఆగింది.
పొయ్యి మీద మూకుడు ఇంకా వేడిగానే ఉంది.

"రేపు చెవి రంధ్రాన్ని పుల్లతో పొడువు,
చెమ్మ చేరుంటుంది" అని మాత్రం అని
గుండుని చొక్కా జేబులో వేసుకున్నాడు.